మరిపెడ బంగ్లాలో 72 రుతువులు

అమెరికా హెవీ మెటల్ పాటకూ మానుకోట మిర్చి చేనుకూ సంబంధం ఏమిటి? ఏమీ లేదనే అనిపిస్తుంది. చెవిలో ఆ పాట పెట్టుకుని వరంగల్‌లో ఖమ్మం బస్సెక్కి, మరిపెడలో దిగిన ఓ కొడుకునడిగితే మాత్రం... చాలానే ఉందంటాడు!

2023 ఏప్రిల్ 14, శుక్రవారం. అంబేడ్కర్ జయంతి సెలవు. హైదరాబాద్‌లో 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహాన్ని ఆవిష్కరించింది ఆ రోజే. వరంగల్ బస్టాండులో ఎవరి ఫోనులో చూసినా అదే వార్త. ఖమ్మం వెళ్లే బస్సులో కిటికీ పక్కన కూర్చున్న ముప్ఫై ఏళ్ల యువకుడి ఫోనులో మాత్రం వేరే సంబరం. అతను పన్నెండేళ్లుగా ప్రాణంలా చూసుకుంటున్న మెటాలికా బృందం కొత్త ఆల్బమ్ '72 సీజన్స్' ఆ రోజే విడుదలైంది.

మడికొండ ఐటీ పార్కులో ఉద్యోగం. సొంతూరు మరిపెడ. మామూలుగా అయితే అలాంటి ఆల్బమ్‌ను గదిలో తలుపులేసుకుని, దీపాలార్పి వింటాడు. ఈసారి ఇంటికెళ్లాల్సిన పని పడింది. ఆల్బమ్ నిడివి 77 నిమిషాలు. వరంగల్ నుంచి మరిపెడ సుమారు 80 కిలోమీటర్లు. ఎక్కడపడితే అక్కడ ఆగే బస్సుకి తక్కువలో తక్కువ రెండు గంటలు. 'ఒకసారి మొత్తం వినొచ్చు, నచ్చినవి రెండోసారీ వినొచ్చు' అని లెక్కేసుకుని ఇయర్‌ఫోన్లు చెవిలో పెట్టుకున్నాడు.

డ్రైవరు ఇంజిన్ స్టార్ట్ చేశాడు. చెవిలో లార్స్ ఉల్రిక్ డ్రమ్స్ అందుకున్నాడు. రెండు శబ్దాలూ ఒకేసారి. రెండింటిలో ఏది ఏదో కాసేపు తెలియలేదట!

పద్దెనిమిదేళ్ల లెక్క

మెటాలికా 1981లో లాస్ ఏంజెలెస్‌లో పుట్టింది. పాటగాడూ గిటారిస్టూ అయిన జేమ్స్ హెట్‌ఫీల్డ్, డ్రమ్మర్ లార్స్ ఉల్రిక్ అప్పట్నుంచీ ఉన్నారు. కిర్క్ హామెట్ గిటార్, రాబర్ట్ ట్రుహీయో బేస్ వాయిస్తారు. '72 సీజన్స్' వాళ్ల పదకొండో స్టూడియో ఆల్బమ్. అందులో పన్నెండు పాటలు.

పేరు వెనక ఓ లెక్కుంది. ఏడాదికి నాలుగు రుతువులు. పద్దెనిమిదేళ్లకు డెబ్బై రెండు. మనిషి బతుకంతా ఆ మొదటి పద్దెనిమిదేళ్ల మీదే నడుస్తుందన్నది హెట్‌ఫీల్డ్ ఆలోచన. నువ్వెవరివో నీకు పెద్దవాళ్లు చెబుతారు. అందులో కొంత నిజం, కొంత కాదు. మిగిలిన జీవితమంతా ఆ రెంటినీ విడదీసుకోవడానికే సరిపోతుంది... ఇదీ ఆల్బమ్ సారం. అతని సొంత కథా అలాంటిదే. పదమూడేళ్లప్పుడు తండ్రి ఇల్లొదిలి వెళ్లిపోయాడు. పదహారేళ్లప్పుడు తల్లి క్యాన్సర్‌తో చనిపోయింది. మతవిశ్వాసం కొద్దీ ఆమె వైద్యానికి ఒప్పుకోలేదు. 2019లో హెట్‌ఫీల్డ్ మద్యం వ్యసనానికి మళ్లీ చికిత్స తీసుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత వచ్చిన ఆల్బమ్ ఇది.

ఇంతకీ నాలుగు రుతువులేమిటి? మనకు ఆరు కదా! వసంతం, గ్రీష్మం, వర్షం, శరత్తు, హేమంతం, శిశిరం. ఆ లెక్కన పద్దెనిమిదేళ్లకు 108 రుతువులు. జపమాలలో పూసలన్ని! మామునూరు దాటుతుండగా ఈ లెక్క తట్టి తనలో తానే నవ్వుకున్నాడు ఆ అభిమాని. పుట్టినప్పట్నుంచి ఇంటర్ అయ్యేదాకా అతనుంది మరిపెడలోనే. నూట ఎనిమిది రుతువులూ అక్కడే గడిచాయి.

ఐనవోలు దారిలో...

వర్ధన్నపేటకు ముందే ఐనవోలుకు దారి చీలుతుంది. సంక్రాంతికి మల్లన్న జాతర మొదలైందంటే అక్కడ ఒగ్గు డోళ్ల హోరు చెప్పనలవి కాదు. నేల అదురుతుంది. గుండెల్లో దరువు పడుతుంది. పసుపు గాల్లోకి లేస్తుంది. చిన్నప్పుడు నాయిన భుజాలమీద కూర్చుని ఆ డోళ్ల చప్పుడు విన్నాడు ఈ కుర్రాడు. ఇంజినీరింగ్ హాస్టల్లో సీనియర్ ఒకరు పెన్‌డ్రైవ్‌లో మెటాలికా పాటలు ఇచ్చినప్పుడు మిగతావాళ్లు చెవులు మూసుకున్నారు. ఇతను మూసుకోలేదు. 'ఇది నాకు తెలిసిన చప్పుడే' అనిపించింది. డ్రమ్మర్ రెండు కాళ్లతో వాయించే ఆ దడదడ... ఐనవోలు డోలే!

అప్పట్నుంచి అదే లోకం. 2011 అక్టోబరు 30న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మెటాలికా కచేరీ. మన దేశంలో వాళ్లు తొలిసారి వాయించింది అక్కడే. అంతకు రెండ్రోజుల ముందు గుర్గావ్‌లో జరగాల్సింది ఆగిపోయింది. ఇద్దరు మిత్రులతో కలిసి జనరల్ బోగీలో బెంగళూరు వెళ్లొచ్చాడు. ఇంట్లో చెప్పింది మాత్రం... 'ఇంటర్వ్యూ ఉంది' అని!

అలాంటి అభిమాని మాట కాబట్టి కొత్త ఆల్బమ్ మీద అతని తీర్పు వినదగ్గదే. వీరాభిమానులంతా గుడ్డిగా మెచ్చుకుంటారనుకుంటే పొరపాటు. సొంత మనిషిని తప్పుపట్టినట్టే పట్టుకుంటారు.

వర్ధన్నపేట వచ్చేసరికి పేరు పాట అయిపోయింది. ఏడున్నర నిమిషాలకు పైనే. యాభై తొమ్మిదేళ్ల వయసులో హెట్‌ఫీల్డ్ గొంతు ఇంత గట్టిగా ఉంటుందనుకోలేదు. మొదటి మార్కు దానికే. రెండో మార్కు డ్రమ్స్‌కు. 2003లో వచ్చిన 'సెయింట్ యాంగర్'లో డ్రమ్ముల మోత ఖాళీ నూనె డబ్బా కొట్టినట్టుందని ప్రపంచమంతా నవ్వింది. ఇందులో ఆ తప్పు లేదు. చప్పుడు నిండుగా ఉంది. మూడో మార్కు ట్రుహీయో బేస్‌కు. ఆ మంద్ర ధ్వని ఈసారి స్పష్టంగా వినిపించింది.

మరి మైనస్‌లు? ఉన్నాయి. హామెట్ సోలో ఎత్తుకున్న ప్రతిసారీ అదే 'వా' పెడల్. నాలుగో పాటకు వచ్చేసరికి తర్వాతేం వస్తుందో ముందే తెలిసిపోతుంది. నిదానంగా సాగే పాట ఒక్కటీ లేదు. 'క్రౌన్ ఆఫ్ బార్బ్‌డ్ వైర్' లాంటివి చెప్పాల్సింది చెప్పేశాక కూడా ఆగవు. మూడు నిమిషాల ఇరవై రెండు సెకన్లలో ముగిసే 'లక్స్ ఇటర్నా' మాత్రం 1983 నాటి వాళ్ల తొలి ఆల్బమ్ రోజుల్ని గుర్తు చేసింది. చిన్నది, చురుకైనది, వచ్చింది, వెళ్లింది. 'పన్నెండింట్లో నాలుగు తీసేసి ఉంటే గొప్ప ఆల్బమ్ అయ్యేది. ఇప్పుడు మంచి ఆల్బమ్. అంతే!' తొర్రూరు బస్టాండులో బస్సు ఆగినప్పుడు హాస్టల్ మిత్రుడికి అతను పంపిన సందేశం ఇది.

కానీ ఒక పాట దగ్గర మాత్రం మార్కులు వేయలేకపోయాడు. అది మూడో పాట... 'స్క్రీమింగ్ సూసైడ్'.

మాట్లాడని మనిషి

పేరు చూసి భయపడక్కర్లేదు. చావమని చెప్పే పాట కాదది. మనసులో చావు ఆలోచన మెదిలితే దాన్ని దాచుకోవద్దు, పైకి చెప్పు, నువ్వొక్కడివే కాదు అని చెప్పే పాట. ఇలాంటి విషయం గురించి నోరు విప్పడమే తప్పన్నట్టుంటుంది లోకం, అది పోవాలన్నదే ఆ పాట ఉద్దేశమని హెట్‌ఫీల్డ్ చెప్పాడు.

రాయపర్తి దగ్గర ఆ పాట వింటున్న కుర్రాడికి గుర్తొచ్చింది అమెరికా కాదు. వాళ్ల నాయిన.

అతను ఇంటికి బయల్దేరింది అందుకే. 2023 మార్చిలో ఉమ్మడి వరంగల్, ఖమ్మం జిల్లాల్ని రాళ్లవాన కొట్టేసింది. మక్క విరిగింది. మామిడి రాలింది. మిర్చి చేలల్లో కాయ మట్టిలో కలిసింది. అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ఆ నెల 23న ఈ జిల్లాల్లో తిరిగి, ఎకరాకు పది వేల రూపాయల సాయం ప్రకటించారు. మరిపెడ దగ్గర రెండెకరాలు కౌలుకు తీసుకుని మిర్చి వేసిన ఈ నాయిన ఆ రోజు నుంచీ పెద్దగా మాట్లాడట్లేదు. తింటున్నాడు, పడుకుంటున్నాడు, పొద్దున లేచి చేను దాకా వెళ్లి వస్తున్నాడు. మాట మాత్రం లేదు. "ఏందో బిడ్డా, మీ నాయిన గోడకు చెప్పినా నాకు చెప్పినా ఒక్కటే ఐంది. నువ్వొక్కసారి వచ్చిపో" అని తల్లి ఫోను.

1997-98లో పత్తి దెబ్బతిని రైతులు వరుసగా ప్రాణాలు తీసుకున్న జిల్లా ఇది. అప్పుడు పసివాళ్లుగా ఉన్నవాళ్లకు కూడా మౌనమంటే భయం తెలుసు. అందుకే రాయపర్తిలో పాట ఆపేశాడు. తొర్రూరులో మళ్లీ పెట్టాడు. దంతాలపల్లి దాటాక మూడోసారి విన్నాడు.

బంగ్లా సెంటర్

వరంగల్-ఖమ్మం రోడ్డూ, మహబూబాబాద్-సూర్యాపేట రోడ్డూ కలిసే కూడలి మరిపెడ. ఇక్కడివాళ్లెవరూ ఒట్టి మరిపెడ అనరు. 'మరిపెడ బంగ్లా' అంటారు. కండక్టరు కూడా 'బంగ్లా... బంగ్లా...' అనే అరుస్తాడు. నాలుగు దారుల మొగ కాబట్టి ఎప్పుడూ సందడే. చుట్టూ తండాలు. లంబాడా ఆడవాళ్ల అద్దాల రవికలు ఎండకు తళుక్కుమంటాయి. ఎరువుల దుకాణాలు, విత్తనాల దుకాణాలు, మిర్చి బస్తాలతో ఖమ్మం, వరంగల్ మార్కెట్లకు వెళ్లే వ్యాన్లు. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు వరంగల్ నుంచి మహబూబాబాద్ జిల్లాలోకి మారింది. 2018లో మున్సిపాలిటీ అయింది. అయినా సాయంత్రమయ్యేసరికి పల్లెటూరి గాలే వీస్తుంది.

ఈ సెంటర్లోనే ఒకప్పుడు చిన్న క్యాసెట్ల కొట్టు ఉండేది. అది ఆ నాయినదే. ఇప్పటి పిల్లలకు తెలియదు కానీ, 1990ల్లో కావాల్సిన పాటలు చీటీ మీద రాసిస్తే ఖాళీ క్యాసెట్‌లో రికార్డు చేసిచ్చేవాళ్లు. అరవై నిమిషాలదైతే ఒక రేటు, తొంభైదైతే ఒక రేటు. అదేదో మీట నొక్కితే అయిపోయే పని కాదు. ఒక్కో వైపు ఎన్ని పాటలు పడతాయో ముందే లెక్క కట్టాలి. తప్పితే చివరి పాట సగంలో తెగిపోతుంది. 'ఆ కొట్లో పాట తెగదు' అన్న పేరే ఆ కొట్టుకు పెట్టుబడి. పెళ్లిళ్లకూ బతుకమ్మకూ వినాయక చవితికీ చీటీలు గుట్టలుగా వచ్చేవి. తర్వాత సీడీలు వచ్చాయి, ఆ వెనకే సెల్‌ఫోన్లు. మెమరీ కార్డులో ఇన్నేసి వందల పాటలు పది రూపాయలకు నింపుతుంటే, చీటీ రాసుకుని క్యాసెట్ కోసం వచ్చేదెవరు? కొట్టు మూతపడింది. నాయిన కౌలు రైతయ్యాడు. డెక్కు, రెండు స్పీకర్లు, అట్టపెట్టెడు క్యాసెట్లు ఇంట్లో అటకెక్కాయి.

ఇనుమంటే బయ్యారం!

ఆ రాత్రి కరెంటు పోయింది. ఇంటిముందు మంచం వేసుకుని కూర్చున్నారు తండ్రీకొడుకులు. పలకరింపులయ్యాయి. మళ్లీ మౌనం. ఏం మాట్లాడాలో తోచక కొడుకు ఫోనులో పాట పెట్టి పక్కన పెట్టాడు. పేరు పాటే.

నిమిషం గడిచింది. రెండు గడిచాయి.

"గిదేం పాట రా! రేకుల మీద రాళ్లవాన పడ్డట్టే ఉన్నది."

నెల రోజుల్లో ఆ మనిషి నోటి నుంచి రాళ్లవాన అన్న మాట రావడం అదే మొదలు. వంటింట్లో తల్లి గిన్నె కింద పెట్టి చెవులు రిక్కించింది.

"దీన్ని హెవీ మెటల్ అంటరు నాయినా."

"మెటలంటే?"

"లోహం. ఇనుమనుకోరాదు!"

"ఇనుమంటే మన బయ్యారం కదరా" అన్నాడు నాయిన.

మాట సరదాకి అన్నా నిజమే. మరిపెడ నుంచి మహబూబాబాద్ మీదుగా వెళ్తే బయ్యారం. కాకతి గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ తవ్వించిన చెరువు, కాకతీయుల వంశక్రమం చెప్పే శాసనం అక్కడున్నాయి. ఆ కొండల్లో ఇనుప ఖనిజం ఉంది. 2014 రాష్ట్ర విభజన చట్టంలో అప్పటి ఖమ్మం జిల్లాలో ఉక్కు కర్మాగారానికి ఉన్న అవకాశాల్ని సెయిల్ పరిశీలించాలని రాశారు. ఖమ్మం జిల్లాలోని బయ్యారం మహబూబాబాద్ జిల్లాలోకి వచ్చింది కానీ, కర్మాగారం మాత్రం రాలేదు. ఖనిజం కొండల్లోనే ఉంది. కుర్రాళ్లు హైదరాబాద్ బస్సెక్కుతున్నారు.

హెవీ మెటల్ పుట్టిందీ ఇనుము ఉన్న ఊళ్లోనే. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ కార్ఖానాల పట్నం. టోనీ అయోమీ అనే పదిహేడేళ్ల కుర్రాడు అక్కడ రేకుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఉద్యోగం మానేసే చివరిరోజు యంత్రంలో పడి కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. ఎడమచేతి వాటం కావడంతో గిటార్ తీగల్ని నొక్కాల్సింది ఆ వేళ్లతోనే. ఇక వాయించలేవన్నారు. అతను ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు. నొప్పి తగ్గాలని గిటార్‌కు సన్నని తీగలు వేసుకున్నాడు. బరువైన, మంద్రమైన నాదంతో 1970లో 'బ్లాక్ సబ్బత్' తొలి ఆల్బమ్ వచ్చింది. హెవీ మెటల్‌కు అదే పునాది అంటారు.

కొడుకు ఈ కథంతా చెబుతుంటే నాయిన వేళ్ల కేసి చూసుకున్నాడు. మిర్చి ఏరి ఏరి మంటెక్కిన వేళ్లు. "ఏలు తెగినోడు పాట ఇడువలే" అని మాత్రం అన్నాడు.

కాసేపాగి, "ఏమంటడు పాటల?" అని అడిగాడు. కొడుకు డెబ్బై రెండు రుతువుల లెక్క చెప్పాడు. మనకైతే నూట ఎనిమిదని కూడా చెప్పాడు. నాయిన తలూపలేదు. "రుతువులు పుస్తకాలల్ల. రైతుకు కార్తెలే. ఏడాదికి ఇరవై ఏడు. ఇయ్యాల్టి నుంచి అశ్విని పెట్టింది" అన్నాడు. పద్దెనిమిదేళ్లకు కార్తెలు 486! ఏ కార్తెలో ఏం విత్తాడో, ఎంత పండిందో, ఏది పోయిందో... ఒక్కొక్కటీ చెప్పడం మొదలుపెట్టాడు. అలా చెప్పుకొంటూ చెప్పుకొంటూ మొన్నటి రాళ్లవాన దాకా వచ్చాడు. పట్టా వేరొకరిది, పంట తనది, సాయం ఎవరి చేతికొస్తుందోనన్న బెంగ. తెచ్చిన అప్పు. ఈ సంగతి కొడుక్కి ఎట్లా చెప్పాలన్న సిగ్గు. మాటలన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి.

కొడుకు మధ్యలో మాట్లాడలేదు. ఫోనులో పాట ఎప్పుడో ఆపేశాడు.

చిన్నగూడూరు మనిషి

మర్నాడు శనివారం. పొద్దున్నే నాయినే బండి తీయమన్నాడు. ఎక్కడికంటే చిన్నగూడూరు. చుట్టాలింట్లో ఏదో పని. 2016కు ముందు మరిపెడ మండలంలోదే ఆ ఊరు. ఇప్పుడు సొంతంగా మండలం. మహాకవి దాశరథి కృష్ణమాచార్య 1925 జులై 22న పుట్టింది అక్కడే. 'చిల్లర దేవుళ్లు', 'మోదుగుపూలు' నవలల రచయిత దాశరథి రంగాచార్య ఆయన తమ్ముడే. నిజాం మీద తిరగబడి జైలుకెళ్లి, నిజామాబాద్ కోటలోని జైలు గోడల మీద బొగ్గుతో పద్యాలు రాసిన మనిషి కృష్ణమాచార్య. ఆయన తొలి కవితా సంపుటి 'అగ్నిధార' 1949లో వచ్చింది. దాని తర్వాత 'రుద్రవీణ'. 1974లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు తెచ్చిన పుస్తకం 'తిమిరంతో సమరం'.

బండి మీద వెనక కూర్చున్న నాయిన ఈ పేర్లన్నీ వరసగా చెబుతుంటే కొడుక్కి ఒళ్లు జలదరించింది. అగ్నిధార... రుద్రవీణ... తిమిరంతో సమరం... ఇవి పుస్తకాల పేర్లా, మెటల్ ఆల్బమ్‌ల పేర్లా! చీకటికి కొడుకుంటే ఎలా ఉంటాడని అడిగే పాటొకటి, వెలుగును తరుముకుంటూ పోయేదొకటి, నిత్యజ్యోతి అనే అర్థం వచ్చే లాటిన్ పేరుతో మరొకటి... '72 సీజన్స్' నిండా చీకటీ వెలుగుల పెనుగులాటే. ఆ పోరాటానికి తమ పక్కూరి మనిషి ఎప్పుడో పేరు పెట్టేశాడు. పద్దెనిమిదేళ్లు ఇక్కడే పెరిగి, ఆ కవి పేరు పరీక్షల కోసమే చదివాడు తను.

నాయినకు దాశరథి పరిచయమైంది పద్యాలతో కాదు, క్యాసెట్లతో. 1961 నుంచి ఆయన సినిమా పాటలూ రాశారు. పాతపాటల చీటీల్లో ఆయనవి తప్పకుండా ఉండేవి. "గీయన మనోడే అని చెప్పి మరీ ఇచ్చేది" అన్నాడు నాయిన. ఆ మాటన్నప్పుడు గొంతులో పాత కొట్టు యజమాని పలికాడు.

తెగని పాట

సాయంత్రానికి అటక మీది డెక్కు కిందికి దిగింది. దుమ్ము దులిపారు. బెల్టు సాగిపోతే రబ్బరుబ్యాండు వేశాడు నాయిన. అట్టపెట్టె అడుగున సీలు తీయని తొంభై నిమిషాల క్యాసెట్లు మూడు దొరికాయి.

"నీ రాళ్లవాన పాటలు ఎన్ని నిమిషాలు? ఒక్కొక్కటి చెప్పు."

కొడుకు ఫోను చూసి చెబుతుంటే నాయిన పాత అలవాటుగా అట్టముక్క మీద రాసుకున్నాడు. మొదటి ఏడు పాటలకు 42 నిమిషాల 31 సెకన్లు. ఒక వైపు 45 నిమిషాలు. పట్టింది! మిగిలిన అయిదు పాటలకు 34 నిమిషాల 39 సెకన్లు. పట్టింది! ఒక్క పాట కూడా తెగదు.

"ఎక్కువ పాటలు పెట్టిండు అంటివి కదా? సరిగ్గ తొంభైకి పట్టినయి. లెక్క తెలిసినోడే" అని నవ్వాడు. నాలుగు పాటలు తీసేయాలన్న కొడుకు తీర్పు అక్కడితో కొట్టుడుపోయింది!

డెక్కుకు ఫోను వైరు తగిలించి రికార్డింగ్ మొదలుపెట్టారు. దాంట్లో దొడ్డిదారి ఉండదు. 77 నిమిషాల ఆల్బమ్ రికార్డు కావాలంటే 77 నిమిషాలు కూర్చోవాల్సిందే. అలా కూర్చుని మొత్తం విన్నాడు నాయిన. మధ్యలో రెండుసార్లు మొహం చిట్లించాడు. ఒకసారి తొడమీద తాళం వేశాడు. చివరి పాట 'ఇనమొరాటా' పదకొండు నిమిషాల పది సెకన్లు. మెటాలికా తన స్టూడియో ఆల్బమ్‌ల కోసం సొంతంగా రాసుకున్న పాటల్లో దీనికంటే పొడవైంది అంతకుముందు లేదు. దాని నడుమ హోరంతా తగ్గి, బేస్ ఒక్కటే నెమ్మదిగా నడిచే చోటు ఒకటుంటుంది. అక్కడ నాయిన తలెత్తాడు. "ఈడ ఊపిరి తీసుకున్నడు చూడు. ఇంత సేపు మొత్తుకున్నది దీని కోసమే కావచ్చు" అన్నాడు.

పన్నెండేళ్ల అభిమానానికి తట్టని మాట అది. బస్సులో విన్నప్పుడు 'మరీ పొడవు' అనుకున్న పాట అదే.

"ఇంతకూ ఎట్లున్నది నాయినా?"

"లొల్లి ఉన్నది. అబద్ధం లేదు."

ఆ రాత్రి మిత్రుడికి ఇంకో సందేశం వెళ్లింది. నిన్నటి తీర్పు రద్దు. కొత్త తీర్పు... నాయిన చెప్పిన ఆ నాలుగు మాటలే!

ఆ తర్వాత 2024 ఫిబ్రవరిలో పేరు పాటకు మెటల్ విభాగంలో గ్రామీ అవార్డు వచ్చింది. ఫోను చేసి చెబితే "మనం ముందుగాల్నే ఇచ్చినం కదా!" అన్నాడట పెద్దాయన.

ఆకేరు పొంగిన రోజు

మరిపెడ గురించి చెప్పుకుంటూ ఆకేరును వదిలేస్తే ఆ ఊరికి అన్యాయం చేసినట్టే. మున్నేరులో కలవడానికి వెళ్లే వాగది. ఎండాకాలం ఇసుక మెరుస్తుంటుంది. వానాకాలం వచ్చిందంటే దాని తీరే వేరు. 2024 సెప్టెంబరు 1న అది పొంగి పురుషోత్తమాయగూడెం వంతెన మీదుగా పారింది. ఖమ్మం రోడ్డు తెగింది. ప్రాణాలు పోయాయి. సీతారాం తండా నీట మునిగి, జనం ఇళ్ల పైకెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. అదే రోజుల్లో కేసముద్రం దగ్గర వరదకు రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి రైళ్లు ఆగాయి. వరంగల్‌లో చిక్కుకుపోయిన కొడుకు ఫోను కలిసేదాకా పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. కలిసింది. "మేం మంచిగనే ఉన్నం. చేన్ల నీళ్లు నిలిచినయి. పోయిన పంట సంగతి నువ్వొచ్చినంక చెప్త" అన్నాడు నాయిన.

'చెప్త' అన్నాడు. కొడుక్కి ఆ ఒక్కమాట చాలు.

ఇవాళ మరిపెడ వెళ్లాలనుకునేవాళ్లకు దారులు చాలానే ఉన్నాయి. వరంగల్, ఖమ్మం, మహబూబాబాద్, సూర్యాపేట... ఎటునుంచైనా బస్సులుంటాయి. రైల్లో వస్తే మహబూబాబాద్‌లో దిగాలి. బంగ్లా సెంటర్లో టీ తాగి, చిన్నగూడూరు చూసి, మరో రోజు తీరిక చేసుకుంటే బయ్యారం చెరువు దాకా వెళ్లొచ్చు. సంక్రాంతి రోజులైతే దారిలో ఐనవోలు దిగి డోళ్లూ వినొచ్చు. పోస్టర్ల మీద కనిపించే పర్యాటక కేంద్రాలు కావివి. అయినా ప్రతి మలుపులోనూ ఏదో ఒక చప్పుడు వినిపిస్తుంది.

2025 జులై 22. దాశరథికి నూరేళ్లు నిండిన రోజు. ఎక్కడో ఇంగ్లండ్‌లో బ్లాక్ సబ్బత్ గాయకుడు ఓజీ ఆస్‌బోర్న్ కన్నుమూసిందీ ఆ రోజే. అంతకు పదిహేడు రోజుల ముందు ఆ బృందం సొంతూరు బర్మింగ్‌హామ్‌లో చివరి కచేరీ చేసింది. మెటాలికా కూడా ఆ వేదిక మీద వాయించింది. వార్త తెలిసి మరిపెడకు ఫోను చేశాడు కొడుకు. ఆ వేళ్లు తెగినాయన జట్టులో పాడినవాడే అని గుర్తు చేశాడు. "అయ్యో" అన్నాడు నాయిన. ఆ రాత్రి డెక్కులో క్యాసెట్ తిరిగింది.

ఆ క్యాసెట్ కథలో ఒకటి మిగిలిపోయింది. రెండో వైపు 34 నిమిషాల 39 సెకన్లు పోగా, పది నిమిషాల పైచిలుకు ఖాళీ. క్యాసెట్ కొట్టు నడిపినవాడు టేపును ఖాళీగా వదలడు. కొట్టు మర్యాద అది. అందుకే 'ఇనమొరాటా' ముగిశాక ఒక్క క్షణం నిశ్శబ్దం వినిపిస్తుంది. తర్వాత గుయ్‌మంటూ పాత వయొలిన్లు. మూడు నిమిషాల పాటలు మూడు. మూడూ దాశరథివే.

చివరి పాట కూడా తెగలేదు.